మనంలో లేని బాబాయి

మా వదిన గుసగుసలాడితే మేడమీద అద్దెకున్నవాళ్ళకు వినపడుతుంది. మా అన్నయ్యను పెళ్ళి చేసుకొని వచ్చిన కొత్తలో ఈ సంగతి ఆవిడకి తెలియదు. మా ఇంట్లో ఒక్కొక్కరి గురించీ తనకేమనిపిస్తోందో అన్నయ్య చెవిలో చెప్పుకునేది. మేమందరం పక్కగదిలో పడుకొని శ్రద్ధగా వినేవాళ్ళం. నాకు నోరెక్కువని, కానీ మనసు మంచిదని నాకు అలాగే తెలిసింది. అన్నయ్య కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. పగలంతా ఆ చప్పుడు వినీ వినీ, ఇంటికొచ్చాక ఎవరూ మాట్లాడకపోతే చాలనుకునే మనిషి. దేవుడు వెతికి వెతికి ఆయనకి ఈవిడను జత చేశాడు.

నేను పనిచేసేది పింగాణీ కార్ఖానాలో. కప్పులు, సాసర్లు, పళ్ళేలు చేస్తారు. నాది ప్యాకింగు. కప్పుకి కాగితం చుట్టి, మధ్యలో గడ్డి కూరి, పెట్టెలో పేర్చడం నా పని. వదినని కూడా నేనే అక్కడ చేర్పించాను. ఆవిడ చేతిలో కప్పు నిలిచేది కాదు. చుట్టిన వాటికన్నా పగలగొట్టినవే ఎక్కువని సూపర్వైజరు నెత్తి కొట్టుకునేవాడు. ఈవిడను ఇవాళో రేపో తీసేస్తారు, నా పరువూ పోతుందని నేను బెంగపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం సైరన్ చెడిపోయింది. భోజనం వేళ దాటిపోతోంది. అందరికీ ఆకలి, కానీ సైరన్ మోగనిదే లేవకూడదు. వదిన ఒక పెట్టె మీదికెక్కి "భోజనాలకి లేవండి" అని ఒక్క కేక వేసింది. షెడ్డు ఆ చివర బట్టీ దగ్గర ఉన్నవాళ్ళు కూడా చేతులు దులుపుకొని క్యారేజీలు అందుకున్నారు. అప్పటి మేనేజరు పాతకాలం మనిషి, పడీపడీ నవ్వాడు. మర్నాడే ఆవిడను ప్యాకింగులోంచి తీసి మైకు గదిలో కూర్చోబెట్టాడు.

అప్పట్నుంచి ఆవిడ సైరన్ వదిన అయింది. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా వదినా అనే పిలిచేవాళ్ళు. కార్ఖానా అందరికీ వదిన అయిపోయాక నా వాటా తగ్గిపోయిందని నేను కొన్నాళ్ళు అలిగాను కూడా.

మైకు గది మేడమెట్ల కింద ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గుమ్మంలో నిలబడాలి. మాట మోగకుండా గోడకి ఒక పాత దుప్పటి మేకులు కొట్టి బిగించారు. పైనుంచి ఆఫీసు వాళ్ళు కాగితం పంపుతారు, ఈవిడ చదువుతుంది. అంతే పని అనుకుంటారు అందరూ. అది కాదు. ఆ కాగితాల మీద ఉండే తెలుగు మనుషులు మాట్లాడేది కాదు. "కార్మికులు తమ పాదరక్షలను నిర్దేశిత స్థలమందు మాత్రమే విడువవలెను" అని వస్తుంది. వదిన దాన్ని రెండుసార్లు లోపల చదువుకుని, మైకు నొక్కి, "చెప్పులు బయట అరుగు కింద వదలండమ్మా, నిన్న ఒకరు జారిపడ్డారు" అనేది. ఆఫీసు మాటను మనిషి మాట చెయ్యడం ఆవిడ ఉద్యోగం. ఎవరూ అప్పగించలేదు, తనే పెట్టుకుంది. ఎవరి పిల్లకి బడిలో జ్వరమొచ్చినా, ఎవరి తాళంచెవి దొరికినా ఆ గొంతులోనే తెలిసేది. చావు కబురు మాత్రం మైకులో చెప్పేది కాదు. ఆ మనిషి దగ్గరికి నడిచి వెళ్ళి, చేతిలో కప్పు ఉంటే కింద పెట్టించి, భుజం పట్టుకొని అప్పుడు చెప్పేది. అందుకే ఆ గొంతంటే అందరికీ నమ్మకం. వదిన చెప్పిందంటే చెప్పిందే.

తర్వాత గడ్డుకాలం వచ్చింది. దూరదేశాల్లో కప్పులు కొనే దుకాణాలు కొనడం మానేశాయి. మేము చుట్టి పేర్చిన పెట్టెలు గోడౌనులో పైకప్పు దాకా లేచాయి. మా వీధిలో ఎదురుగా ఉన్న గాజు కార్ఖానా మూసేశారు, దాని పక్కన టైల్సుది కూడా. అన్నయ్యకి పని సగానికి పడిపోయింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు లేకపోతే మిషన్లు చెడిపోవు కదా. ఇంట్లో నిలకడగా వచ్చే జీతం వదినది, నాది.

పాత మేనేజరును ఇంటికి పంపించి కొత్త ఎండీని తెచ్చారు. ఆయనతోపాటు ఒక సిబ్బంది ఆఫీసరు దిగాడు. నోరు తెరిస్తే "దయచేసి" అంటాడు కాబట్టి దయచేసి సారు అని పేరు పెట్టేశాం. ఎదురుగా అండీ అనేవాళ్ళమే. చాటున కూడా మర్యాద కావాలంటే నా వల్ల కాదు.

ఎండీ వచ్చీ రాగానే పొదుపు మొదలుపెట్టాడు. కింద షెడ్డులో సగం ఫ్యాన్లు ఆపించాడు. సాయంత్రం టీ తీసేశాడు. చేతితొడుగులు వేళ్ళు బయటికొచ్చేలా చిరిగితే తప్ప కొత్తవి ఇవ్వొద్దన్నాడు. మేడమీద మాత్రం వడ్రంగులు, రంగులవాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. ఎండీ గది ముందు ఒక అద్దం గోడ కట్టారు. దాని మీంచి పొద్దస్తమానం నీళ్ళు జారుతుంటాయి. ఎవరూ తాగరు, ఎవరూ చేతులు కడగరు, ఊరికే జారుతుంటాయి. ఉన్న కారు ఉండగానే ఇంకో కారు వచ్చింది. ఇంకా ఎక్కడ పొదుపు చెయ్యొచ్చో ఆలోచించడానికి మేడమీద వాళ్ళంతా విమానమెక్కి ఏదో సముద్రం ఒడ్డు హోటలుకి వెళ్ళారు. ఎండకి ముఖాలు కమిలి తిరిగొచ్చారు.

"మన బట్టీ ముందు ఒక్క పూట నిలబడితే ఖర్చు లేకుండా కమిలేవాళ్ళుగా" అన్నాడు బట్టీ బాబాయి.

బాబాయి గురించి చెప్పాలి. కప్పులు కాల్చే బట్టీలోకి బళ్ళు తోయడం ఆయన పని. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు, ఇప్పుడు వెతికినా నల్ల వెంట్రుక కనపడదు. ఇంకొన్నాళ్ళలో పని విరమించాలి. బళ్ళు తోసీ తోసీ నడుం పోయింది. లేవాలంటే ముందు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, ఎవరినో బతిమాలుకుంటున్నట్టు ఒక క్షణం ఆగి, అప్పుడు లేస్తాడు. నొప్పి గురించి ఎవరైనా అడిగితే మాత్రం "ఏం లేదు, అదీ నాతోపాటు డ్యూటీ ఎక్కింది" అనేవాడు.

ఎండీ ఎక్కడినుంచో ఒక సలహాదారుని కూడా పిలిపించాడు. ఆ పెద్దమనిషి కార్ఖానా అంతా తిరిగి, గోడల మీద నోటీసులు చదివి, మీ భాషలోనే లోపం ఉందన్నాడట. యాజమాన్యం, కార్మికులు అని విడదీసి రాస్తున్నారు, అందుకే కలిసిమెలిసి త్యాగం చెయ్యాలన్న భావం కలగట్లేదు అన్నాడట. మర్నాడు దయచేసి సారు మైకు గది గుమ్మంలో నిలబడ్డాడు.

"దయచేసి ఇకమీదట యాజమాన్యం అనే మాట వద్దమ్మా. అన్నిటికీ మనం. మనమంతా ఒక కుటుంబం."

"మంచిదే కదండీ" అంది వదిన. నిజంగానే మంచిదనుకుంది.

మన భాషలో రెండు మాటలున్నాయి. మేము అంటే వినేవాడు బయట. మనం అంటే వినేవాడు లోపల. మాటలు నేర్చుకుంటున్న పిల్లకి కూడా ఈ తేడా తెలుసు. పక్కింటివాళ్ళు "మేము సినిమాకి వెళ్తున్నాం" అంటే సరే వెళ్ళిరండి అని తలుపేసుకుంటాం. "మనం వెళ్దాం" అంటే చెప్పులు వేసుకుంటాం. ఆ సలహాదారుకి ఇది తెలియదా, తెలిసే చేశాడా అన్నది నాకిప్పటికీ తేలలేదు. తెలిసే చేశాడనే నా నమ్మకం.

అప్పట్నుంచి నోటీసులన్నీ మనమయమైపోయాయి. మనం ఫ్యాన్లు తగ్గించుకుందాం. మనం సాయంత్రం టీ మానుకుందాం. కష్టకాలంలో మన జీతాల్లో కొంత మనమే వదులుకుందాం. నాకు ఒళ్ళు మండేది. వదినకి అప్పుడే మండలేదు. ఆవిడకి ఆలస్యంగా మండుతుంది. "కంపెనీ నిలబడితే కదే మనం నిలబడేది" అని నాకే సర్దిచెప్పేది.

అలా ఉండగా ఒక కాగితం దిగింది. "మన ఆరోగ్యమే మన సంస్థ బలం. పై అంతస్తులో మన విశ్రాంతి గది సిద్ధమైనది. వెన్నునొప్పికి ఉపశమనం కలిగించు కుర్చీలు అమర్చబడినవి. మనమందరము ఆరోగ్యముగా ఉందము." మేడమీద వాళ్ళకోసం రాసుకున్న కాగితం అది. మనం అన్న మాట చూసి ఆఫీసులో ఎవరో అలవాటు కొద్దీ మైకు గదికి కూడా ఒకటి పంపేశారు. వదిన ఎప్పట్లా రెండుసార్లు లోపల చదువుకుంది. ముఖం వెలిగిపోయింది. మైకు నొక్కి, "పై అంతస్తులో మనకి విశ్రాంతి గది వచ్చిందట, నడుం నొప్పి తగ్గించే కుర్చీలు పెట్టారట. మంచి కబురు. మన ఆరోగ్యం కోసమేనట" అని చదివింది.

షెడ్డంతా నవ్వింది. మేము నమ్మలేదు. బాబాయి నమ్మాడు.

భోజనం వేళ ఆయన అన్నం గబగబా ముగించుకొని, కుళాయి దగ్గర చేతులు, కాళ్ళు, మెడ శుభ్రంగా కడుక్కున్నాడు. బట్టీ మసి కదా, ఎంత తోమినా పోదు. అందుకని ఉతికిన తువ్వాలు ఒకటి భుజాన వేసుకున్నాడు. రెయిలింగు పట్టుకొని మెల్లగా మెట్లెక్కి, విశ్రాంతి గది తలుపు తోసి, కుర్చీ మీద తువ్వాలు పరిచి, మరక పడకుండా దాని మీద కూర్చున్నాడు. ఏదో మీట మీద చెయ్యి పడింది. కుర్చీ సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఎన్నేళ్ళ నొప్పో అది. ఆ వణుకుకి ఆయన అక్కడే నిద్రపోయాడు.

సరిగ్గా అప్పుడే ఎండీ బ్యాంకు వాళ్ళను వెంటబెట్టుకొని మేడంతా చూపిస్తున్నాడు. అప్పు అడగడానికి పిలిచాడు, ఎంత పొదుపుగా ఉన్నామో చెప్పుకుంటూ వస్తున్నాడు. తలుపు తెరిచేసరికి కొత్త కుర్చీలో బట్టీ బాబాయి నోరు తెరుచుకొని గురక పెడుతున్నాడు. ఎండీ ముఖం మాడిపోయింది. బ్యాంకు పెద్దాయన మాత్రం సంతోషించాడట. "కార్మికులకి కూడా ఈ సౌకర్యం ఇస్తున్నారా, ఇదిగో ఇదీ మేనేజిమెంటంటే" అన్నాడట. ఎండీ నీళ్ళు నమిలి, "అవునండీ, మాకు అందరూ ఒకటే" అన్నాడట. ఆపాటికి బాబాయికి మెలకువ వచ్చి ఈ మాట విన్నాడు. తువ్వాలు మడత పెట్టుకొని, అందరికీ దండం పెట్టి, సంతోషంగా కిందికి దిగొచ్చాడు.

బ్యాంకు కార్లు గేటు దాటాయో లేదో బాబాయిని పనిలోంచి ఆపేశారు. అనుమతి లేకుండా పై అంతస్తులోకి చొరబడ్డాడని, అతిథుల ముందు సంస్థ పరువు తీశాడని రాశారు. విచారణ అయ్యేదాకా గేటు లోపలికి రాకూడదట. తేలేది ఉద్యోగం పోవడమేనని అందరికీ తెలుసు. ఇంకొన్నాళ్ళలో దండ వేయించుకొని దర్జాగా ఇంటికి వెళ్ళాల్సిన మనిషి, దొంగలా వెళ్ళాలి. ఆయన నాతో ఒక్క మాటే అన్నాడు.

"నేను దొంగతనంగా పోలేదమ్మాయ్. చేతులు కడుక్కునే పోయాను."

అది విన్నాక వదినకి మండింది.

విచారణ రోజు బాబాయికి తోడుగా ఒకరు కూర్చోవచ్చంటే నేను వెళ్ళాను. వదినని సాక్షిగా పిలిచారు. మేడమీద పొడుగాటి బల్లకి ఆ చివర ఎండీ, దయచేసి సారు కూర్చున్నారు. ఏసీ గాలికి నా చేతుల మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి. మా షెడ్డు ఆ రోజు పెనంలా ఉంది.

"నోటీసులో ఏముంది, మీరేం చదివారు?" అన్నాడు ఎండీ.

"మన విశ్రాంతి గది అని ఉందండి. మనకి విశ్రాంతి గది వచ్చిందని చదివాను."

"మనకి అనే మాట అందులో లేదు."

"మన గది అంటే మనకే కదండీ. ఇంకెవరికి?"

దయచేసి సారు గొంతు సవరించుకున్నాడు. "దయచేసి సందర్భం చూసుకోవాలమ్మా. మనం అంటే ఒక్కోసారి అందరం. ఒక్కోసారి కొందరం."

"ఏది ఎప్పుడో గుర్తు పెట్టి పంపాలి కదండీ మరి. ఫ్యాన్లు ఆపుకుందాం అన్నప్పుడు అందరమా, కొందరమా?"

ఎండీ బాబాయి వైపు తిరిగి, ఏమైనా చెప్పుకునేది ఉందా అన్నాడు. బాబాయి కుర్చీలోంచి లేవబోయి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, ఆగి, లేచాడు.

"బాబూ, మనకి అని మైకులో చెప్పింది మా వదిన. ఆ మనలో నువ్వు లేవు అని నాకెవరూ చెప్పలేదు. చెప్పుంటే పోయేవాణ్ణి కాదు. ఆ బ్యాంకు బాబు అడిగితే అందరూ ఒకటే అని తమరే అన్నారు. అప్పటికి నాకు మెలకువ వచ్చింది."

ఎండీ కాగితాలు సర్దుకొని లేచి వెళ్ళిపోయాడు. విచారణ అంటే అంతే.

సాయంత్రం దయచేసి సారు మైకు గదికి వచ్చి బేరం పెట్టాడు. నేను వదినకోసం గుమ్మంలో నిలబడే ఉన్నాను, నన్ను చూసి కూడా దాచలేదు. "తప్పు నాదే, నోటీసు తప్పు చదివాను అని రేపు పొద్దున మైకులో ఒప్పుకో అమ్మా. అలాగైతే ఆయన్ని మందలించి వదిలేస్తారు, మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. లేదంటే నా చేతుల్లో ఏం లేదు. దయచేసి ఆలోచించు."

ఇంట్లో ఆ పూట కూర ఎవరికీ రుచించలేదు. అన్నయ్య నోరు విప్పాడు. ఆయన నోరు విప్పాడంటేనే సంగతి ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

"ఒక్క మాటే కదా, అనేసెయ్. ముసలాయన ఉద్యోగం నిలబడుతుంది. నీదీ నిలబడుతుంది."

"వద్దు వదినా" అన్నాను నేను. "చెయ్యని తప్పు నెత్తినేసుకుంటే రేపు ఇంకోటి వేస్తారు."

"మీ ఇద్దరిదీ నిజమేనే" అంది వదిన. "తప్పు చదవలేదంటే బాబాయి ఉద్యోగం పోతుంది. తప్పు చదివానంటే, నా గొంతు నమ్మి మేడెక్కినందుకు ఆయన తెలివితక్కువ దద్దమ్మ అవుతాడు. ఇంక రేపట్నుంచి నేనేం చదివినా ఎవరు నమ్ముతారు?" ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మేడమీద అద్దెకున్నవాళ్ళు కిందికి తొంగిచూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

పొద్దున్నే వదిన తల దువ్వుకుంటూ, "ఒప్పుకుంటానే" అంది. నేను ముఖం తిప్పుకున్నాను. దారి పొడుగునా ఆవిడతో మాట్లాడలేదు. నా జన్మలో నేను అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు.

పని మొదలయ్యే ముందు దయచేసి సారు మైకు గది పక్కనే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ముఖంలో తృప్తి. ఎండీ కూడా మేడమీద రెయిలింగు దగ్గరికి వచ్చాడు. వదిన గొంతు షెడ్డులో మోగింది.

"అందరూ వినండి. నేను నోటీసులు తప్పు చదివాను. ఒప్పుకుంటున్నాను. కుర్చీల నోటీసు ఒక్కటే కాదు, చాలా తప్పు చదివాను. తప్పు చదివినదాన్ని కాబట్టి, దిద్ది మళ్ళీ చదవాల్సింది కూడా నేనే. మనం ఫ్యాన్లు ఆపుకుందాం అని చదివాను. తప్పు. మీరు ఫ్యాన్లు ఆపుకోండి, మేము ఏసీలో ఉంటాం అని చదవాలి. మనం టీ మానేద్దాం అని చదివాను. తప్పు. మీరు మానేయండి, మాకు పైన కాఫీ మిషను ఉంది అని చదవాలి. మనం ఆలోచించుకొని వచ్చాం అని చదివాను. తప్పు. మేము సముద్రంలో ఈతకొట్టి వచ్చాం, మీరు జీతాలు వదులుకోండి అని చదవాలి."

దయచేసి సారు తలుపు మీద కొట్టడం మొదలుపెట్టాడు. లోపల గడియ పెట్టుంది. పైనుంచి ఎండీ ఏదో అరిచాడు, ఎవరో పరిగెత్తుకెళ్ళి కరెంటు తీసేశారు. మైకు ఆగిపోయింది. వదిన గడియ తీసుకొని బయటికొచ్చి, సారును పక్కకి జరగమని, మెట్టు మీద నిలబడింది. ఆ గొంతుకి కరెంటుతో ఏం పని?

"మన విశ్రాంతి గది అని చదివాను. అదీ తప్పే. అది వాళ్ళ గది. బాబాయి మనం అన్న మాట విని తానూ ఉన్నాననుకున్నాడు. అంతకుమించి ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు చదివానని ఒప్పుకుంటే ఆయన్ని పనిలోకి తీసుకుంటామన్నారు. ఒప్పుకున్నాను. మీరందరూ సాక్షులు."

నేను గడ్డిలో చేతులు పెట్టుకొని ఏడుస్తున్నాను. పొద్దున్నంతా ముఖం తిప్పుకున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను, ఆవిడ వదిన అయినందుకు గర్వపడ్డాను, రెండూ ఒకేసారి.

అంత సులువుగా వదులుతారా. వదినని మైకు గదిలోంచి తీసేసి పెంకుల గుంత దగ్గర వేశారు. పగిలిన కప్పుల ముక్కలు ఏరి రంగుల వారీగా వేరుచేసే పని. వేళ్ళు తెగుతాయి. తొడుగులు అడిగితే ముందు చిరిగినవి చూపించమన్నారు. తొడుగులే లేనిదాన్ని, చిరిగినవి ఎక్కడినుంచి తేను అని అడిగింది. బాబాయిని మాత్రం తీసుకోలేదు. నువ్వు ఒప్పుకున్న పద్ధతి ఒప్పుకున్నట్టు కాదన్నాడు దయచేసి సారు.

మర్నాటి నుంచి ఆయనే మైకు పట్టుకున్నాడు. "దయచేసి వినండి. ఈ కష్టకాలంలో మనం" అన్నాడు, ఊపిరి పీల్చుకోడానికి ఆగాడు.

"ఎవరెవరం?" అని ఒక గొంతు లేచింది షెడ్డులోంచి.

ఆ గొంతు నాదే. అడగాలని అనుకోలేదు, నోట్లోంచి వచ్చేసింది. నాకు నోరెక్కువని చెప్పాను కదా. సూపర్వైజరు నా వైపు కళ్ళెర్రజేశాడు. నేను తల వంచుకొని కప్పుకి కాగితం చుట్టాను. మైకు మళ్ళీ "మనమందరం" అంది. ఈసారి బట్టీ దగ్గర్నుంచి వచ్చింది ప్రశ్న. తర్వాత రంగులు పూసే ఆడవాళ్ళు అడిగారు. ఇక అంతే. మైకులో మనం అన్న మాట వచ్చిందంటే చాలు, షెడ్డంతా ఒక్క గొంతై "ఎవరెవరం?" అనేది. మన సంస్థ అంటే "ఎవరెవరిది?" అనేవాళ్ళం. పని ఎవరూ ఆపలేదు. పని ఆపితే గేటు మూసేస్తారని భయం. అడిగినందుకు ఏం మూస్తారు? ఎవరడిగారని సూపర్వైజర్లు వరసలన్నీ తిరిగారు. అందరి తలలూ వంగే ఉండేవి, అందరి చేతులూ పనిలోనే ఉండేవి. పెంకుల గుంత దగ్గర్నుంచి మాత్రం ఒక గొంతు అన్నిటికన్నా పైకి వినపడేది, అది ఎవరిదో కనిపెట్టడానికి తిరగక్కర్లేదు.

అన్నయ్యకి ఈ సంగతి చెప్తే నవ్వాడు. ఆ రాత్రి వదిన వేళ్ళకి తనే మందు రాసి గుడ్డ చుట్టాడు. "ఇంకా గట్టిగా అడగండి" అన్నాడు.

బ్యాంకు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎండీ వాళ్ళను షెడ్డు మధ్యలో నిలబెట్టి, మైకు తనే తీసుకున్నాడు. "మనందరి తరఫున అతిథులకి స్వాగతం" అన్నాడు. "ఎవరెవరి తరఫున?" అంది షెడ్డు. బ్యాంకు పెద్దాయన ఇదేమిటని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు దయచేసి సారు. తెల్లముఖం వేశాడు. ఆ పెద్దాయన చుట్టూ చూసి, "కుర్చీలో పడుకున్న ఆ పెద్దమనిషి ఏడీ, కనపడడే" అన్నాడు. దయచేసి సారు ఎండీ వైపు చూశాడు. మేమెవరం చెప్పలేదు. ఎండీనే చెప్పనిచ్చాం. రేపటి నుంచి వస్తాడండీ అన్నాడు ఎండీ.

ఆ సాయంత్రం మైకులో ఒక నోటీసు చదివారు. "బట్టీ విభాగం కార్మికుని విచారణ ముగిసినది. రేపటి నుండి విధులకు హాజరు కావచ్చును. ఇది యాజమాన్యం నిర్ణయం." మనం అన్న మాట అందులో ఎక్కడా లేదు. యాజమాన్యం తిరిగొచ్చింది. జీతాల్లో కోత అలాగే ఉంది, వదిన పెంకుల గుంతలోనే ఉంది, అద్దం గోడ మీంచి నీళ్ళు జారుతూనే ఉన్నాయి. అవన్నీ ఇంకా తేలాలి.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయికి ఒక కాగితం ఇచ్చాడు. సంతకం పెడితేనే లోపలికట. బాబాయి దాన్ని వదిన చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు లోపల చదువుకుంది.

"ఇకమీదట పై అంతస్తుకి వెళ్ళనని, వెళ్ళినందుకు క్షమించమని రాసుంది బాబాయ్. మనం అని లేదు, నేను అని ఉంది. పెడతావో మానతావో నీ ఇష్టం. ఉద్యోగం నీది."

బాబాయి కాసేపు ఆ కాగితం వైపు చూశాడు. షిఫ్టు వాళ్ళందరం గేటు బయటే నిలబడ్డాం. లోపల సైరన్ మోగింది. ఒక్కరూ కదల్లేదు.

"నాకా కుర్చీ వద్దమ్మా" అన్నాడు. "వణుకుతుంది. కానీ వద్దని నేననాలి. రావద్దని వాళ్ళంటే సంతకం పెట్టను."

కాగితం మడిచి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు. వాచ్‌మన్ మేడ వైపు చూశాడు. అద్దాల వెనక ఎవరో నిలబడి ఉన్నారు, చెయ్యి ఊపలేదు, తల ఊపలేదు. వాచ్‌మన్ మా వైపు చూశాడు. చూసి, గేటు కడ్డీ మీదనుంచి చెయ్యి తీసేశాడు.

వదిన గుడ్డ చుట్టిన వేళ్ళతో చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"పదండి, మనం లోపలికి పోదాం" అంది.

ఎవరెవరం అని ఒక్కరూ అడగలేదు.